ఆవిరి లైను కోడ్ వచ్చిందా? వాల్వ్ కొనే ముందు సాకెట్ లాగి చూడండి

శ్రీకాకుళంలో మా షెడ్డుకి నౌపడ నుంచి ఒకాయన పెట్రోల్ కారు తెచ్చారు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, బండి మాత్రం బాగానే నడుస్తోంది. అంతకు ముందు వేరేచోట రెండుసార్లు పర్జ్ వాల్వ్ (పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే వాల్వ్) మార్పించారట. మార్చిన వారానికల్లా లైటు మళ్లీ వచ్చేదట. బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ0444, అంటే పర్జ్ వాల్వ్ కరెంటు లైను తెగినట్టు. వాల్వ్ సాకెట్ ఊడదీసి టార్చి వేశాను. రెండు పిన్నుల్లో ఒకదాని మీద పచ్చటి చిలుము, సూదితో గీకితే పొడిలా రాలింది. ఉప్పుమడుల దగ్గర ఇల్లు, రాత్రంతా బండి ఆరుబయటే. ఆ టెర్మినల్ తీసేసి కొత్తది వేసి, సాకెట్‌లో తేమ చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పూసి బిగించాను. లైటు మళ్లీ రాలేదు. రెండు వాల్వుల డబ్బు ఆయనకి ఉత్త పుణ్యానికి పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఈ ఆవిరి లైను సంగతి. ట్యాంకులో పెట్రోల్ ఎండకి ఆవిరవుతుంది. అది గాలిలో కలవకుండా క్యానిస్టర్ అనే నల్లడబ్బాలోని బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజిన్ వేడెక్కాక కంప్యూటర్ పర్జ్ వాల్వ్ తెరిస్తే ఆ ఆవిరి ఇంజిన్‌లోకి వెళ్లి కాలిపోతుంది. ఆ టైములో క్యానిస్టర్‌లోకి బయటి గాలి వచ్చే దారి పేరు వెంట్.

కోడ్ అంకె చివరిదాకా చదవండి

పీ0443, 0444, 0445 వస్తే అది పర్జ్ వాల్వ్ కరెంటు గొడవ. 0441 అంటే ఆవిరి పారాల్సినట్టు పారడం లేదు. 0446 వెంట్ వైపు. 0455 పెద్ద లీకు, 0442 చిన్నది, 0456 మరీ చిన్నది.

వీడియోల్లో అందరూ ముందు పెట్రోల్ మూత బిగించమంటారు. అవి ఎక్కువగా అమెరికా బండ్ల వీడియోలు. అక్కడి నిబంధనల ప్రకారం 1 మిల్లీమీటరు, ఆ తర్వాత అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా బండి తనంతట తాను పట్టుకోవాలి. మన నిబంధన కనీసం అడిగేది పర్జ్ వాల్వ్ కరెంటు లైను తెగలేదు కదా అన్న పరీక్షే. కాబట్టి మన దగ్గర 0444 చూసి మూత మారిస్తే ఒరిగేదేమీ లేదు. 0455 వచ్చిన బండికి మాత్రం మూతే మొదట చూడాలి. రబ్బరు రింగు పగిలిందా, బిగిస్తే టిక్కుమంటోందా చూడండి.

లైటు ఒక్కటే ఉంది, బండి బాగానే ఉంది (0443, 0444, 0445)

సాకెట్ ఊడదీసి వాల్వ్ రెండు పిన్నుల మధ్య మల్టీమీటరు పెట్టండి. చాలా బండ్లలో 20 నుంచి 30 ఓమ్‌ల చుట్టూ చూపిస్తుంది, కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. రీడింగే రాకపోతే లోపలి కాయిల్ పోయింది, అప్పుడే వాల్వ్ కొనండి. రీడింగ్ బాగుంటే ఇగ్నిషన్ ఆన్ చేసి, వైరు వైపు సాకెట్‌లో ఒక పిన్నుకి 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. రాకపోతే ఫ్యూజు, ఆ వైరు. వస్తుంటే రెండో పిన్ను నుంచి కంప్యూటర్ దాకా వెళ్లే వైరు. దాన్ని సాకెట్ దగ్గర మెల్లగా లాగి చూడండి. పైతొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగినవి చాలా చూశాను. వరికోతలు అయ్యాక పొలాల ఎలకలు బానెట్లో చేరి కొరికినవీ చూశాను.

పెట్రోల్ కొట్టించిన వెంటనే స్టార్ట్ అవ్వదు, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) వణుకుతుంది

పర్జ్ వాల్వ్ మూసుకోకుండా ఇరుక్కుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వాల్వ్ కరెంటు సాకెట్ తీసేయండి. క్యానిస్టర్ వైపు హోస్ ఊడదీసి వాల్వ్ నోటికి వేలు అడ్డం పెట్టండి. కరెంటు లేనప్పుడు వాల్వ్ మూసి ఉండాలి. వేలు లోపలికి లాగుతుంటే వాల్వ్ మార్చాల్సిందే. ఈ పరీక్షతో కొత్తగా 0444 పడవచ్చు, కంగారుపడకుండా చివర్లో చెరిపేయండి. నోటితో మాత్రం పీల్చకండి, అది పెట్రోల్ ఆవిరి.

బంకులో పైపు మాటిమాటికీ ఆగిపోతుంది

వెంట్ మూసుకుపోయి ఉంటుంది. ట్యాంకులోని గాలి బయటికి పోలేక పెట్రోల్‌ని లోపలికి దిగనివ్వదు. మూత తీసినప్పుడు గాలి లోపలికి పీల్చుకుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. దుమ్ము, కందిరీగ కట్టిన మట్టిగూడు, మడతపడ్డ హోస్, ఈ మూడూ వెతకండి.

పెట్రోల్ వాసన

ఇది కొంత మనం చేసుకునేది. పైపు ఆటోకట్ అయ్యాక కూడా "రౌండ్ చెయ్యి బాబూ" అని ఇంకో వంద రూపాయలది పోయిస్తాం. అలా ఎక్కువైన పెట్రోల్ కొన్ని బండ్లలో ఆవిరి లైనుగుండా క్యానిస్టర్‌లోకి పోతుంది. బొగ్గు ఆవిరినే పడుతుంది, పెట్రోల్‌లో నానితే పాడవుతుంది. డబ్బా దించితే బరువుగా ఉండి పెట్రోల్ కారుతుంటే కొత్తది వేయాలి, ఎండబెట్టడం వల్ల ప్రయోజనం లేదు. డబ్బా పొడిగా ఉంటే ట్యాంకు పైనున్న హోసులు, పంపు సీలు చూడండి. బీడీ, లైటరు దగ్గరికి రానివ్వకండి.

లీకు కంటికి దొరకకపోతే పొగ మిషను ఉన్న షెడ్డుకి తీసుకెళ్లండి. అది 1 పీఎస్ఐ లోపు ఒత్తిడితో పొగ నింపుతుంది, పొగ ఎక్కడ లేస్తే అక్కడ లీకు. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ ఈ లైనుకి ఎప్పుడూ పెట్టకండి, ట్యాంకు, హోసులు దెబ్బతింటాయి.

పని అయ్యాక కోడ్ చెరిపేయండి. కరెంటు కోడ్ అయితే తప్పు ఉన్నా లేకపోయినా త్వరగానే తేలిపోతుంది. లీకు కోడ్ అలా కాదు. రాత్రంతా చల్లారిన ఇంజిన్, ట్యాంకులో సుమారు 15 నుంచి 85 శాతం మధ్య పెట్రోల్ ఉంటేనే చాలా బండ్లు ఆ పరీక్ష చేసుకుంటాయి. కాబట్టి ఆ వారం ఫుల్ ట్యాంక్ చేయించకుండా సగం దగ్గరే ఉంచి నడపండి.