కార్డు బాకీని ముందు మన వడ్డీ లెక్కలో చూడండి, తర్వాత బ్యాంకుకి ఫోన్ చేయండి

మన గోదావరి జిల్లాల్లో ఎవరైనా అప్పిస్తానంటే మనం మొదట అడిగేది "వడ్డీ ఎంత, రూపాయా రెండా" అనే కదండీ, మూడు రూపాయలంటే అక్కణ్ణుంచి లేచొచ్చేస్తాం. అదే క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో నెలకి 3.5 శాతం అనుంటే పట్టించుకోం. అది మూడున్నర రూపాయల వడ్డీ అండీ, దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా కలిస్తే నాలుగు రూపాయలు దాటిపోద్ది.

పాలకొల్లు దగ్గర మా బావమరిది రొయ్యల మేతకని కార్డు గీకి గీకి 80,000 బాకీ చేశాడు, నెలనెలా మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) కట్టేస్తున్నా కదా అని ధీమాగా ఉన్నాడు. కూర్చోబెట్టి లెక్కేశా. 80,000కి నెల వడ్డీ 2,800, జీఎస్టీ 504, మొత్తం 3,304. వాడు కట్టేది ఐదు శాతం చొప్పున 4,000, అంటే అసలులో తగ్గేది 700 కూడా లేదు. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా ఏది కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు, అందుకని ముందు ఆ కార్డు వాడటం ఆపేయండి.

ఇప్పుడు ఫోన్ సంగతి. వాయిదా తప్పకముందే చేయాలి, తప్పాక చేస్తే మన మాటకి బలం ఉండదు. కస్టమర్ కేర్‌కి ఇలా చెప్పండి: "నేను ఎగ్గొట్టేవాణ్ని కాదండి, నాకు నెల జీతం లేదు, పంట మీదే డబ్బు, మొత్తం బాకీ ఈఎంఐ చేయండి, రేటెంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, దాళ్వా (రెండో పంట) డబ్బులొచ్చాక ముందే కట్టేస్తే ఛార్జీ ఎంత?" మొదట మాట్లాడినవాళ్ళు కుదరదంటే పైవాళ్ళకి కలపమనండి, ఇంకో రోజు మళ్ళీ చేయండి, ఒప్పుకున్నది మెయిల్‌లో పంపమనండి. ఏడాదికి 16 శాతానికి 24 నెలలు ఇచ్చారనుకోండి, 80,000కి ఈఎంఐ 3,917 వస్తది, వడ్డీ మీద జీఎస్టీతో మొదట్లో 4,100 దాకా. మావాడు కడుతున్న డబ్బుకి కాస్త అటూఇటూ, కానీ రెండేళ్ళకి బాకీ ఉండదు! లేట్ ఫీజు ఒకసారి తీసేయమని, యాన్యువల్ ఫీజు మాఫీ చేయకపోతే కార్డు క్లోజ్ చేస్తానని కూడా అదే ఫోన్‌లో అడిగేయండి, చాలాసార్లు ఒప్పుకుంటారు.

ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి రూపాయి వడ్డీ లోపు తెచ్చి కార్డు తీర్చేయడం ఇంకా మేలు, ఆడవాళ్ళతో మాట్లాడి వాళ్ళు సరేనంటేనే సుమా.

సగం కట్టి సెటిల్ చేసుకోమంటే మాత్రం తొందరపడొద్దు. సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రాసుండే రికార్డులో, "సెటిల్డ్" అని పడిపోద్ది, రేపు చెరువుకో ఇంటికో లోన్‌కెళ్తే అదే అడ్డం. నిజంగా దారి లేనివాళ్ళకే అది.

రికవరీ వాళ్ళు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, ఇది ఆర్‌బీఐ రూలు. అలా చేస్తే బ్యాంకుకి రాసి ఇవ్వండి, 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు, ఎలాగో తెలుసుకోడానికి 14448 నంబరుంది. బాకీ అంతా తీరాక కార్డు క్లోజ్ చేయమంటే ఏడు పనిదినాల్లో చేయాలి, లేదంటే రోజుకి 500 చొప్పున బ్యాంకే మనకి కట్టాలి, బాకీ ఏం లేదని రాసిచ్చే నో డ్యూస్ లెటర్ కూడా అడిగి తీసుకోండి.