ఇంట్లో బాగున్న స్లైడ్లు సభలో ఎందుకు చెదిరిపోతాయి?

ఆగస్టు 29, గిడుగు వారి జయంతి, దగ్గరపడితే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగువాళ్లలో ఎవరో ఒకరికి గిడుగు రామమూర్తి గారి మీద స్లైడ్లు చేసే పని తప్పదు. ఇక్కడి స్లైడ్లలో తెలుగు, ఒడియా, ఒక్కోసారి ఇక్కడి గిరిజన భాష సవర కూడా ఉంటాయి. అందుకే వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ముందు దెబ్బతినేది అక్షరాలే.

తెలుగు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు

అను లాంటి డీటీపీ (ప్రింటింగ్ పనికి వాడే) ఫాంట్లతో కొట్టిన మేటరు అది. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లిచ్చిన ఆహ్వానపత్రిక నుంచి కాపీ చేసి స్లైడులో అతికిస్తే ఇలాగే అవుతుంది. ఫైలులో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు సంకేతాలు. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. అది లేని కంప్యూటర్‌లో అసలు రంగు బయటపడుతుంది. ఒడియాలో అకృతి ఫాంట్లతోనూ ఇదే తంటా. ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే యూనికోడ్‌లోకి కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో ఒకసారి చదువుకోండి. కన్వర్టర్లను గుడ్డిగా నమ్మొద్దు.

పైన తెలుగు బాగుంది, కింద సవర వాక్యం గళ్లు గళ్లుగా ఉంది

అక్కడ విండోస్ 7 ఉండి ఉంటుంది. దాంట్లో తెలుగుకు గౌతమి, వాణి, ఒడియాకు కళింగ ఉన్నాయి గానీ సవర లిపి సొరంగ్ సొంపెంగ్‌కు ఫాంటు లేదు. ఎలా ఉంటుంది? విండోస్ 7 వచ్చింది 2009లో, ఆ లిపి యూనికోడ్‌లో చేరింది 2012లో. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మలా యూఐలో మూడు లిపులూ ఉన్నాయి.

పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్' టిక్ పెట్టండి. అక్కడికెళ్లాక దిద్దాల్సి రావచ్చు కాబట్టి 'ఎంబెడ్ ఆల్ క్యారెక్టర్స్' ఎంచుకోండి, ఫైలు బరువెక్కినా ఫరవాలేదు. కొన్ని ఫాంట్ల లైసెన్సు దీనికి ఒప్పుకోదు. సవర వాక్యం ఒకటీ రెండే అయితే కట్ చేసి పిక్చర్‌గా పేస్ట్ చేయడం సులువు. తెలుగు లిపిలో రాసినా తప్పేం లేదు, గిడుగు వారూ సవరను అలా రాసినవారే.

అక్షరాలు బాగున్నాయి, చివరి పంక్తి పెట్టె దాటింది

ఫాంటు మారితే అక్షరాల వెడల్పూ, వరుసల ఎడమూ మారతాయి. ప్రతి పెట్టెలో అడుగున రెండు వరుసల జాగా వదలండి. స్లైడు నిండా మేటరు కుక్కితే ఎలాగూ వెనక వరుసవాళ్లకు కనిపించదు.

వీడియో రాదు, లేదా బొమ్మ వచ్చి మాట రాదు

వీడియోకు లింకు మాత్రమే ఇస్తే అది మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. హెచ్.264 ఎంపీ4గా మార్చి స్లైడులోనే ఇన్సర్ట్ చేయండి. వాట్సాప్‌లో పంపుతుంటే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. మాట ఒక్కటే రాకపోతే ప్రొజెక్టర్ వైరు చూడండి. వీజీఏ వైరులో శబ్దం వెళ్లదు, కంప్యూటర్‌కు స్పీకరు విడిగా తగిలించాలి.

స్లైడ్ షో మొదలవ్వదు, పైన పసుపు పట్టీ

'ఎనేబుల్ ఎడిటింగ్' నొక్కితే చాలు.

అక్కడ పవర్‌పాయింట్ లేకుండా, దాని బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ మాత్రమే ఉంటే పోరాడకండి. ఇంట్లోనే పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. దాంట్లో యానిమేషన్లు ఉండవు, వీడియోలు ఆడవు కాబట్టి వీడియో ఫైలు కూడా పక్కనే ఉంచండి.