ఆస్టియోపతీ చదవాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసినవి

కండరాలు, ఎముకలు, కీళ్లను చేతులతో పరీక్షించి సరిచేసే వైద్య పద్ధతి అయిన ఆస్టియోపతీలో చేరాలనుకునేవారు కళాశాలల జాబితా తిరగేసే ముందే, చదువు పూర్తయ్యాక ఏ దేశంలో పనిచేయాలనుకుంటున్నారో తేల్చుకోవాలి. పేరు ఒక్కటే అయినా అమెరికాలో అది సంపూర్ణ వైద్య వృత్తి, బ్రిటన్‌లో ప్రధానంగా చేతులతో చేసే చికిత్స. బ్రిటన్ పట్టాతో అమెరికాలో డాక్టరుగా లైసెన్సు రాదన్న సంగతి ఆలస్యంగా తెలిస్తే విలువైన ఏళ్లు వృథా అవుతాయి.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో పిల్లలు డీఓ (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) కళాశాల పేరెత్తగానే పెద్దలు అడిగే మొదటి ప్రశ్న, అది అసలు డాక్టరు చదువేనా అని. నిస్సందేహంగా డాక్టరు చదువే. డీఓలు మందులు రాస్తారు, శస్త్రచికిత్సలు చేస్తారు. ఆస్టియోపతీని స్థాపించిన ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కళాశాల తెరిచిన నాటి నుంచి ఈ గౌరవం కోసం డీఓలు చాలాకాలం పోరాడవలసి వచ్చింది. 1962లో కాలిఫోర్నియాలో 65 డాలర్లు కట్టించుకొని డీఓలకు ఎండీ, అంటే అక్కడి మామూలు డాక్టరు పట్టాలిచ్చి, కొత్త డీఓలకు లైసెన్సులు ఆపేశారు. 1974లో కోర్టు తీర్పుతోనే అవి మళ్లీ మొదలయ్యాయి. 2020 నాటికి ఎండీ, డీఓల రెసిడెన్సీలన్నీ (పట్టా తర్వాత ఆసుపత్రుల్లో పొందే శిక్షణలు) ఒకే గుర్తింపు వ్యవస్థ కిందికి వచ్చాయి. నేడు అక్కడి వైద్య విద్యార్థుల్లో సుమారు నాలుగో వంతు డీఓ కళాశాలల్లోనే ఉన్నారు.

అమెరికా డీఓ కళాశాలల్లో సీటు కోసం, ఎంక్యాట్ అనే వైద్య ప్రవేశ పరీక్ష రాశాక ఆకోమాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా ప్రయత్నించాలి. సీటు వచ్చిందన్న సంతోషంలో మరచిపోకుండా, మూడు, నాలుగో సంవత్సరాల ఆసుపత్రి శిక్షణ ఎక్కడ జరుగుతుందో కళాశాలను రాతపూర్వకంగా అడగండి. చాలా డీఓ కళాశాలలకు సొంత ఆసుపత్రి లేనందున విద్యార్థులు ఊళ్లు మారవలసి వస్తుంది. కళాశాలలు పెరుగుతున్న కొద్దీ ఈ శిక్షణ నాణ్యతే వృత్తి భవిష్యత్తును నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. పోటీ ఎక్కువగా ఉండే స్పెషాలిటీలు కోరుకునేవారు డీఓల లైసెన్సు పరీక్ష అయిన కామ్లెక్స్‌తో పాటు ఎండీలు రాసే లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ కూడా రాయడం మంచిది.

మిగతా వైద్యవిద్యతో పాటు సుమారు 200 గంటలు చేతుల శిక్షణ ఉంటుంది. తోటి విద్యార్థిని బల్లపై బోర్లా పడుకోబెట్టి, వెన్నుపూసలకు రెండు పక్కలా బొటనవేళ్లు ఆనించి, ఊపిరి తీసుకోమని చెప్పి, ఏ పక్క కండరం బిగిసి ఉందో, ఏ పూస సరిగా కదలడం లేదో వేళ్లతోనే గుర్తించాలి. ఈ పని నచ్చనివారికి ఆ తరగతులు భారమవుతాయి కనుక, చేరేముందు ఒక డీఓ దగ్గర కొన్ని రోజులు గమనించి చూడండి.

బ్రిటన్‌లో 1993 చట్టం ప్రకారం జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో నమోదు కానివారు ఆస్టియోపత్ అని చెప్పుకోవడం నేరం. కౌన్సిల్ గుర్తించిన డిగ్రీలోనే చేరాలి.

భారతదేశంలో అటువంటి ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. అందువల్ల ఇక్కడ ఈ దారి పట్టదలచినవారు ముందు ఫిజియోథెరపీ డిగ్రీ చేసి, ఆపై ఆస్టియోపతీ నేర్చుకోవడం క్షేమం. వారాంతపు కోర్సు ప్రకటన చూసినప్పుడు అందులోని గంటలు లెక్కపెట్టండి: ఆరోగ్యరంగంలో ముందు శిక్షణ లేనివారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించిన కనీస శిక్షణ 4,200 గంటలు, అందులో 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులకు చికిత్స చేస్తూ గడపాలి.