బిట్‌రేట్ ఎంత పెంచినా క్లారిటీ రాని పాత పెళ్ళి వీడియో: సమస్య - పరిష్కారం

సమస్య: పాత పెళ్ళి క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎడిట్ చేసి ఎక్స్‌పోర్ట్ కొడితే ముఖాలు గళ్ళు గళ్ళుగా, కదిలే చోటల్లా చెదిరిపోయి వస్తోంది. బిట్‌రేట్‌ను, అంటే ఒక్కో సెకను వీడియోకు ఖర్చు పెట్టే డేటాను, 8 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) నుంచి 16కి, అక్కణ్ణుంచి 30కి పెంచారు. ఫైల్ ఉబ్బింది గానీ బొమ్మ బాగుపడలేదు. కర్నూల్లో నా దగ్గరికి పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చేవాళ్ళు ఎక్కువగా చెప్పేది ఇదే: “అన్నా, గంటకు పదమూడు జీబీ అయింది, అయినా క్లారిటీ లేదు.”

సెట్టింగులు ముట్టుకునే ముందు, ఆ వీడియో ఎక్కడ చూసి బాలేదంటున్నారో చూసుకోండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది ఫైల్‌ను మళ్ళీ నొక్కి చిన్నది చేసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కంప్యూటర్లోనే అసలు ఫైల్ తెరవండి. ఇంత చిన్న పని ఎవరూ చేయరు, రాత్రంతా ఎక్స్‌పోర్టులు మాత్రం కొడుతూ కూర్చుంటారు.

సైజు లెక్క తెలిసిందే: బిట్‌రేట్‌ను సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఎంబీలు. 8 ఎంబీపీఎస్ అంటే గంటకు 3.6 జీబీ. మన క్యాసెట్ బొమ్మ 720×576. దాన్ని 1920×1080కి సాగదీస్తే చుక్కలు ఐదు రెట్లవుతాయి, కొత్త వివరం మాత్రం ఒక్కటీ రాదు. కాబట్టి 576లోనే ఉంచండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బాగుపడలేదంటే, అసలు దొంగ దాదాపు ఎప్పుడూ ఇంటర్‌లేసింగే, అంటే ఒక్కో బొమ్మను రెండు సగాలుగా తీసి కలపడం.

పాత కెమెరాలు సెకనుకు 25 నిండు బొమ్మలు తీయలేదు, 50 సగం బొమ్మలు (ఫీల్డులు) తీశాయి. ఒక సగంలో బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత తీసిన రెండో సగంలో సరి గీతలు. రెండూ కలిపి ఒక ఫ్రేమ్. కదలని మండపం దగ్గర ఏ తేడా కనపడదు. తలంబ్రాలు పోసే చోట పాజ్ చేసి చూడండి: పెళ్ళికూతురి చేతి అంచు దువ్వెన పళ్ళలా చీలి ఉంటుంది. పక్కపక్క గీతలు ఒకేలా ఉంటాయన్న నమ్మకం మీదే ఎన్‌కోడర్ (ఎక్స్‌పోర్టులో వీడియోను కుదించే ప్రోగ్రామ్) సైజు తగ్గిస్తుంది. ఇక్కడ ప్రతి గీతా పక్కదానితో విభేదిస్తుంది కాబట్టి, ముఖాలకు పోవాల్సిన బిట్లన్నీ ఆ పళ్ళు గీయడానికే ఖర్చయిపోతాయి.

ఇది దొరక్కుండా తప్పించుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, వీఎల్‌సీ ప్లేయర్ డీఇంటర్‌లేస్‌ను (సగాల్ని విడదీసి నిండు బొమ్మలు చేసే ఫిల్టర్‌ను) తనంతట తనే వేసుకుని గీతల్ని దాచేస్తుంది. అందుకే ఒరిజినల్ శుభ్రంగా, ఎక్స్‌పోర్ట్ చెత్తగా కనిపిస్తుంది. వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆపేసి, కీబోర్డులో ఇంగ్లిష్ E మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమే చూడండి. రెండోది, క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించే చవక క్యాప్చర్ డాంగిల్స్‌లో కొన్ని ఇంటర్‌లేస్డ్ బొమ్మకు ప్రోగ్రెసివ్ (నిండు బొమ్మ) అని ముద్ర వేస్తాయి. ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫో ప్రోగ్రామ్ కూడా అదే చూపిస్తుంది. ముద్రను కాదు, పెళ్ళికూతురి చేతిని నమ్మండి.

పరిష్కారం: ఎడిటింగ్‌కు ముందే, క్యాప్చర్ చేసిన అసలు ఫైల్ మీదే డీఇంటర్‌లేస్ చేయాలి. 1080 ప్రాజెక్టులో పడేసి సాగదీశాక గీతలు బొమ్మలో కలిసిపోతాయి, ఆ తర్వాత ఏ ఫిల్టరూ విడదీయలేదు. వీడియో మార్చే హ్యాండ్‌బ్రేక్ (HandBrake) ప్రోగ్రామ్ ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్‌కు యాడిఫ్ (Yadif) ఎంచుకుని, ప్రతి సగాన్నీ ఒక నిండు ఫ్రేమ్‌గా మార్చే ప్రీసెట్ బాబ్ (Bob) పెట్టండి. ఇంటర్‌లేస్ డిటెక్షన్ ఆపేయండి. ఫ్రేమ్‌రేట్ 50. ఒక్క నిమిషం ముక్క తీసి ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ చూడండి. చెయ్యి ముందుకు పోయి వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకు పోతుంటే ఫీల్డ్ వరుస, అంటే ఏ సగం ముందన్నది, తిరగబడినట్టే. మినీ డీవీ టేపుకు బాటమ్ ఫీల్డ్ ముందు. వీహెచ్ఎస్‌కు అది మీ క్యాప్చర్ పరికరాన్ని బట్టి ఉంటుంది, రెండూ వేసి చూడాల్సిందే.

ఆ తర్వాత బిట్‌రేట్ అంకె వదిలేసి, హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి)లో కాన్‌స్టంట్ క్వాలిటీ 20 దగ్గర పెట్టండి; నాణ్యత ఒకే స్థాయిలో ఉంచి, బిట్లు ఎన్ని కావాలో అదే చూసుకుంటుంది. చాలా క్యాసెట్లు గంటకు 1 నుంచి 2 జీబీ మధ్య తేలతాయి. దాని తర్వాత వచ్చిన హెచ్.265తో సైజు ఇంకా తగ్గుతుంది, కానీ ఇంట్లో పాత టీవీ ఉంటే అది ఆడకపోవచ్చు. వీహెచ్ఎస్ అయితే అడుగున వణికే పది పన్నెండు గీతల్ని క్రాప్ చేయండి. పాత డబ్బా టీవీ ఫ్రేము వాటిని దాచేది, ఇప్పుడవి ఊరికే బిట్లు తింటాయి.

క్యాప్చర్ ఫైల్‌ను మాత్రం తొందరపడి చెరపకండి. ఆ క్యాసెట్ ఇంకోసారి ఆడుతుందన్న భరోసా లేదు, అందులో ఉన్న పెద్దవాళ్ళ గొంతులు మళ్ళీ దొరకవు.

మిగతావి అరుదు. ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే ఆ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయి ఉంటుంది, అది ఒక్కో ఫైల్‌ను 4 జీబీ దాటనివ్వదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయండి. మనుషులు లావుగా కనిపిస్తే 4:3 నిష్పత్తి పోయింది. బొమ్మ మధ్యమధ్య మాయమైతే ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కు మురికి పట్టినట్టు. 2009 కర్నూలు వరదలో తడిసిన క్యాసెట్ అయితే టేపు మీద తెల్ల బూజు ఉందేమో కిటికీ దగ్గర పట్టి చూడండి. ఉంటే ప్లేయర్‌లో పెట్టకుండా ముందు శుభ్రం చేయించండి.