స్విచ్ మీద రాసింది నమ్మకండి: కొత్త హాల్లో లైట్లు కట్టేముందు

పోయిన నెల నాటక పరిషత్తు పోటీలకు వెళ్లిన ఒక నాటక సమాజంలో లైటింగ్ కుర్రాడు షాక్ కొట్టి నిచ్చెన మీంచి పడ్డాడు. మోచెయ్యి విరిగింది, అరచెయ్యి కాలింది. బతికాడు, అదే పదివేలు. బోర్డు మీద ఎర్ర పెయింటుతో ‘స్టేజి’ అని రాసి ఉన్న స్విచ్ ఆపాడట. స్టేజి మీద ట్యూబులైట్లు ఆరిపోయాయి. ఇక కరెంటు లేదనుకుని పైకెక్కి పైపుకు వేలాడుతున్న పాత సాకెట్ విప్పాడు. ట్యూబులైట్లది ఒక లైను, ఆ సాకెట్‌ది వేరే లైను.

మళ్లీ సీజను వచ్చింది. నెలలో నాలుగు ఊళ్లు, నాలుగు హాళ్లు. మధ్యాహ్నం దిగుతాం, సాయంత్రానికి తెర లేవాలి. తడి చేతులతో ముట్టుకోవద్దు, చెప్పులు వేసుకోండి లాంటివి రాయను. అవి తెలియనివాళ్లెవరూ ఈ పనిలోకి రారు. మెయిన్ బోర్డు మూత తియ్యడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని, మనది కాదు. అది కూడా ఇక్కడితో సరి.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే తప్పు గురించి. ఆపాం కాబట్టి కరెంటు లేదనుకోవడం. ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా దెబ్బతిన్నది ఇక్కడే. ఆపడం ఒక పని. లేదని తేల్చుకోవడం ఇంకో పని. రెండోది చెయ్యకుండా వైరు మీద చెయ్యి వెయ్యొద్దు.

రాతలు ఎందుకు తప్పుతాయి

హాలు కట్టినప్పుడు ఒక వైరింగు ఉంటుంది. తర్వాత ఏసీలు పెట్టినవాడు ఒక లైను లాగుతాడు, సౌండువాడు ఇంకోటి. పెళ్లిళ్లకు అద్దెకిస్తే డెకరేషన్ వాళ్లు ఎక్కడ దొరికితే అక్కడ తగిలిస్తారు. వైర్లు మారతాయి, పెయింటు రాతలు మాత్రం అలాగే ఉంటాయి. ఒక టౌన్ హాల్లో ‘ఫ్యాన్లు’ అని ఉన్న స్విచ్ వేస్తే వెనకాల బోరు మోటారు తిరిగింది. వాచ్‌మన్‌ని అడిగితే ‘అది అంతేనండీ’ అన్నాడు. నిజానికి ఆ వాచ్‌మన్ మాటే బోర్డు కంటే నయం. దిగగానే ముందు ఆయన్ని పట్టుకోండి. ఏ స్విచ్ దేనిదో, ఏది వేస్తే ఏది పోతుందో అడిగి, మీరే ఒక్కొక్కటీ వేసి ఆపి చూసి, కాగితం మీద రాసుకోండి.

ఎలా తేల్చుకోవాలి

టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. ఎండు చెక్క నిచ్చెన మీద నిలబడితే అందులో బల్బు సరిగా వెలగదు, వెలిగినా స్టేజి వెలుతురులో కనపడదు. మల్టీమీటర్ ఉండాలి. చౌకరకం వద్దు, దాని మీద ‘క్యాట్ త్రీ’ (CAT III, బిల్డింగు వైరింగు మీద వాడదగ్గదని గుర్తు) అని ఉండాలి. అది లేకపోతే కనీసం టెస్ట్ ల్యాంప్, అంటే హోల్డరుకు రెండు వైర్లు కట్టిన బల్బు. రెండు ఫేజుల (కరెంటు తెచ్చే వైర్ల) మధ్య 415 వోల్టులు ఉంటాయి కాబట్టి ఒక్క బల్బు చాలదు, రెండు బల్బులు సిరీస్‌లో కట్టింది కావాలి.

ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన సాకెట్లో పెట్టి, మీటరు పనిచేస్తోందో లేదో చూడండి. తర్వాత మీరు పనిచెయ్యబోయే చోట ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. మళ్లీ మొదటి సాకెట్‌కు వచ్చి ఇంకోసారి చూడండి, మధ్యలో మీటరే పోయి ఉండొచ్చు.

ఎర్త్‌తో ఎందుకు చూడాలంటే, పాత హాళ్లలో చాలాచోట్ల స్విచ్ న్యూట్రల్‌కు పెట్టి ఉంటుంది. ఆపితే లైటు ఆరుతుంది. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే ల్యాంప్ కూడా వెలగదు. కానీ ఫేజు వైరు మాత్రం నిండా కరెంటుతో మన కోసం కాచుకుని ఉంటుంది. ఆ ఎర్త్ బాగుందో లేదో కూడా తెలిసిన ఫేజు మీద ముందే చూసుకోవాలి. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్) ఉన్న లైనైతే టెస్ట్ ల్యాంప్ ఎర్త్‌కు పెట్టగానే ట్రిప్ అవుతుంది, అక్కడ మీటరే వాడండి.

రంగులు

మన పాత వైరింగులో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. విదేశాల నుంచి వచ్చే లైట్లలో, వెలుతురు పెంచి తగ్గించే డిమ్మర్లలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. నీలానికి నీలం కలిపారంటే న్యూట్రల్ ఉండాల్సిన చోట ఇంకో ఫేజు పెట్టినట్టు. 230 వోల్టుల లైటుకు 415 తగులుతుంది. రంగు చూసి కలపొద్దు, మీటరు పెట్టి చూసి కలపండి.

కరెంటు పోయినప్పుడు

‘ఎలాగూ కరెంటు లేదుగా, ఈలోగా ఆ వైరు బిగించేద్దాం’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను. చెప్పకుండా జనరేటర్ స్టార్ట్ చేస్తారు. కొన్ని హాళ్లలో అదంతట అదే అందుకుంటుంది. మెయిన్ నుంచి జనరేటర్‌కు మార్చే ఛేంజోవర్ స్విచ్ ఎక్కడుందో, స్టేజి లైన్లు దేని మీద ఉన్నాయో ముందు కనుక్కోండి. కొన్నిచోట్ల సగం స్టేజి మెయిన్ మీద, సగం జనరేటర్ మీద ఉంటుంది. కరెంటు పోవడం ఆపడంతో సమానం కాదు. ఆపడమే చాలదంటుంటే!

డిమ్మర్ సున్నాకు లాగడం కూడా ఆపడం కాదు. థైరిస్టర్ డిమ్మర్లలో సున్నాలోనూ హోల్డర్ దగ్గర వోల్టేజి ఉంటుంది. బల్బు మార్చాలంటే ప్లగ్గు పీకాల్సిందే.

హడావిడి మరమ్మతు గురించి ఒక్క మాట. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. ఆ పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్‌లో చిన్న మంట వచ్చింది, బాగుచేశామన్నారు. కేబుల్ చివరను క్రింపింగ్ మెషీన్‌తో కాకుండా సుత్తితో కొట్టి బిగించారు. మ్యాట్నీ నడుస్తుండగా అదే కేబుల్ ఊడింది, ఆయిల్ కారి అంటుకుంది, పొగ బాల్కనీకి ఎక్కింది. అక్కడ అదనంగా వేసిన సీట్లు దారికి అడ్డమయ్యాయి. ‘పొద్దున బాగుచేశాం’ అని ఎవరైనా అంటే, ఎలా చేశారో, తర్వాత పరీక్షించారో లేదో అడగండి.

ఇక మిగతావి వరసగా రాసేస్తున్నాను.

ఆపిన స్విచ్‌కు తాళం వెయ్యండి. తాళం పట్టకపోతే పింగాణీ ఫ్యూజు పీకించి జేబులో పెట్టుకోండి. బోర్డు దగ్గర ఒక మనిషి నిలబడాలి, టీకి కూడా వెళ్లకూడదు.

వెయ్యి వాట్ల లైట్లు 12 ఒకే ఫేజు మీద వేస్తే 52 ఆంపియర్లు. మూడు ఫేజులకు పంచండి.

ఫ్యూజు పోయిందని లావు రాగి తీగ చుట్టొద్దు. ఎవరైనా చుడితే ఆ సమాజంతో నేను రాను, అంతే.

ఎంసీబీ (లోడు ఎక్కువైనా, షార్టయినా తనంతట తానే పడిపోయే స్విచ్) రెండోసారి పడితే మూడోసారి ఎత్తొద్దు.

న్యూట్రల్ కనెక్షన్ వదులుగా ఉందని అనుమానం వస్తే లైట్లు వెయ్యొద్దు. అది ఊడితే కొన్ని లైట్లు మసకబారతాయి, కొన్ని పేలిపోతాయి.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న సొంత బోర్డు తీసుకెళ్లండి. చందా వేసుకునైనా కొనండి.

పైనుంచి వచ్చే ఏ తాడూ అది దేన్ని మోస్తోందో చూడకుండా విప్పొద్దు.

ఫాల్స్ సీలింగ్ మీద కాలు పెట్టొద్దు.

ఒకప్పటి సినిమా హాలైతే ప్రొజెక్టర్ జోలికి పోవద్దు. జినాన్ బల్బు చల్లగా ఉన్నా లోపల ఒత్తిడి ఉంటుంది, పేలుతుంది.

పాత యాంప్లిఫయర్ ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. మూత తియ్యొద్దు.

వేడి లైటుకు తెర తగలకూడదు. గాలికి ఊగి కూడా తగలకూడదు.

తలుపుల తాళాలు తీసుంటేనే తెర లేపనివ్వండి. సెక్రటరీ గారు వాచీ చూపించినా సరే.

ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపండి. అందుకే దిగగానే మెయిన్ ఎక్కడుందో సమాజంలో అందరికీ చూపించాలి, మేకప్ వేసుకునేవాళ్లకు కూడా.

కిందికి దిగి అయిదు నిమిషాలు బయటికెళ్లొచ్చినా, మళ్లీ నిచ్చెనెక్కేముందు మళ్లీ మీటరు పెట్టండి. ‘ఇందాకే చూశాను’ అని మాత్రం అనొద్దు. ఇందాక చూసింది ఇందాకటిది.