సందులు మూసే విద్య – 2వ పాఠం: ముందు కొలత, తర్వాతే టేపు

తలుపులు, కిటికీల సందుల్లోంచి గాలి ఎక్కడ దూరుతోందో పట్టుకోవడానికి పోయిన పాఠంలో అగరుబత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగాం. పొగ నిలువుగా లేచిన చోట ఏమీ చెయ్యలేదు. వంకర తిరిగిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాం. ఆ గీతలు ఇంకా తుడిచెయ్యలేదు కదా? ఈ పాఠమంతా వాటితోనే పని.

ముందుగా మీలో కొందరికి వచ్చే ఉంటుందనుకునే అనుమానం ఒకటి. కింది కిటికీ దగ్గర పొగ గదిలోకి తోసుకొచ్చింది, అదే ఇంట్లో పైకిటికీ దగ్గర సందులోకి లాక్కుపోయింది. అగరుబత్తి తప్పేమీ లేదు. చలికాలంలో లోపలి వెచ్చటి గాలి తేలిక కనుక పైకి లేచి పై సందుల్లోంచి జారిపోతుంది, ఆ ఖాళీని పూడ్చడానికి బయటి చల్లగాలి కింది సందుల్లోంచి దూరుతుంది. వేసవిలో ఏసీ నడిచే ఇంట్లో ఇదంతా తలకిందులు: బరువైన చల్లగాలి తలుపు కిందనుంచి జారిపోతుంటే, వేడిగాలి పైనుంచి దిగుతుంది. బయట గాలి గట్టిగా వీచే రోజున ఈ లెక్కలన్నీ పక్కకుపోయి, గాలి ఎటునుంచి కొడితే అటు సందులే జోరుగా పీలుస్తాయి. అందుకే పోయినసారి ఒకే రోజు పరీక్షతో సరిపెట్టుకోవద్దన్నాను.

ఇక సందు ఎంత పెద్దదో ఒకసారి లెక్క కడదాం. 2.1 మీటర్ల ఎత్తు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తలుపు తీసుకోండి. రెండు పక్కలు, పైభాగం కలిపితే 5.1 మీటర్లు. ఆ పొడవునా 3 మిల్లీమీటర్ల సందు ఉంటే మొత్తం 153 చదరపు సెంటీమీటర్లు. అంటే తలుపు మధ్యలో ఇటు 12, అటు 12 సెంటీమీటర్లకు పైగా ఉండే కన్నం కోసి వదిలేసినట్టే. అలాంటి కన్నాన్ని ఎవరూ ఒక్కరోజు కూడా ఉండనివ్వరు. సన్నగా సాగదీసి చుట్టూ పరిచేసరికి ఏళ్ల తరబడి సర్దుకుపోతాం.

కొలవడం

నేను మొదటిసారి ఈ పనికి దిగినప్పుడు కొలత జోలికే పోలేదు. దళసరిగా ఉన్నది ఎక్కువ ఆపుతుందనుకుని 10 మిల్లీమీటర్ల ఫోమ్ తెచ్చి తలుపు చుట్టూ అంటించేశాను. తలుపు మూస్తే గడియ పడదు. భుజంతో తోసి వేస్తే పడేది. నెల తిరక్కుండానే పై బందు స్క్రూలు వదులై, రెక్క ఒక పక్కకు ఒరిగి, కింది మూల నేలకు రాసుకోవడం మొదలైంది. గాలి మాత్రం ఆ మూలనుంచే మునుపటికంటే ఎక్కువ వచ్చింది. టేపు తీసేసి, బందులు మళ్లీ బిగించి, మొదటికొచ్చాను.

టేపు తనంతట తాను గాలిని ఆపదు. రెక్కకూ చట్రానికీ మధ్య అది నలిగితేనే ఆపుతుంది. తక్కువ నలిగితే గాలి దూరుతుంది, మరీ నలిగితే తలుపు పడదు. కాబట్టి మనకు కావలసింది సందు మందం. దాన్ని స్కేలుతో కొలవలేం, ఎందుకంటే తలుపు మూశాకే ఆ సందు ఏర్పడుతుంది.

దీనికి పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి చాలు. గోళీకాయంత ఉండ చేసి, పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టండి, లేకపోతే చెక్కకు అంటుకుంటుంది. చట్రంలో రెక్క వచ్చి ఆనే మెట్టు ఉంటుంది కదా, దాని మీద ఉండను పెట్టి తలుపు పూర్తిగా మూసి గడియ వేయండి. తెరిచి చూస్తే ఉండ బిళ్ళయి ఉంటుంది. బ్లేడుతో మధ్యకు కోసి, కోసిన అంచు మందం కొలవండి. అదే మీ సందు.

ఒక్కచోట చేస్తే చాలదు. ప్రతి పక్కనా పైన, మధ్యన, కింద చెయ్యండి. కాగితం మీద తలుపు బొమ్మ గీసుకుని ఎక్కడి అంకె అక్కడ రాసుకోండి. బందుల వైపు 2 మిల్లీమీటర్లు, గడియ వైపు పైన 3, కింద 5 వచ్చిందనుకోండి, రెక్క ఒరిగిందనో, వంగిందనో అర్థం. ముందు బందుల స్క్రూలు బిగించి మళ్లీ కొలవండి. స్క్రూ బిగియకుండా ఊరికే తిరుగుతుంటే కన్నం అరిగిపోయిందన్నమాట. సన్నటి చెక్కపుల్లకు జిగురు రాసి ఆ కన్నంలో దిగ్గొట్టి, ఆరాక మళ్లీ బిగిస్తే పడుతుంది. టేపుతో పని లేకుండానే సగం సందు మూసుకుపోయిన తలుపులు చూశాను.

చెక్క తలుపులున్నవాళ్లకు ఇంకో మాట. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుంటుంది. ఎండల్లో 4 మిల్లీమీటర్లున్న సందు తడి రోజుల్లో అంత ఉండకపోవచ్చు. ఎండల్లో కొలిచి దానికి సరిగ్గా సరిపోయే టేపు వేస్తే, వానల్లో తలుపు బిగిసిపోతుంది. కొలత తేదీ కూడా రాసుకోండి. రెండు కాలాలకూ సరిపోవాలంటే బాగా నలిగి మళ్లీ లేచే రకం తీసుకోండి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), అల్యూమినియం తలుపులకు ఈ ఉబ్బుడు బెడద లేదు.

ఏ టేపు

అంగట్లో పేర్లు పది రకాలుంటాయి. వాటి గోలలో పడకముందు మీ తలుపును ఒక్క ప్రశ్న అడగండి: రెక్క వచ్చి మెట్టును నొక్కుతుందా, పక్కనుంచి రాసుకుంటూ జరుగుతుందా? బందుల మీద తిరిగేవన్నీ నొక్కేవి. పట్టాల మీద జరిగే కిటికీలు రాసుకునేవి. నొక్కే చోటికి ఫోమ్, రబ్బరు పనికొస్తాయి. రాసుకునే చోట అవి రెండు వారాల్లో చిరిగి ఉండలు కడతాయి, అక్కడ బ్రష్షులా కుచ్చులున్న కుచ్చుపట్టీ కావాలి. దాని సంగతి వచ్చే పాఠంలో.

ఫోమ్ టేపు పల్చటి సందులకూ, తక్కువ వాడే కిటికీలకూ సరే. సందుకు రెట్టింపు మందం తీసుకోవచ్చు, 3 మిల్లీమీటర్ల సందుకు 5 నుంచి 6 మిల్లీమీటర్ల ఫోమ్. మూసినప్పుడు దాదాపు సగానికి నలుగుతుంది. అయితే ఫోమ్‌లో రెండు జాతులున్నాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చిన్న ముక్క కోసి నీళ్లలో ముంచి పిండండి. స్పాంజిలా నీళ్లు తాగితే దాని రంధ్రాలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉన్నాయని అర్థం. అది మెత్తగా నలుగుతుంది కానీ వాన తగిలే చోట తడిసి కూర్చుంటుంది, ఎండకు పొడై రాలుతుంది. నీళ్లు తాగకపోతే రంధ్రాలు విడివిడిగా మూసి ఉన్నాయి. బయటి కిటికీలకు ఇదే వేయాలి, కొంచెం గట్టిగా ఉన్నా సరే.

రోజూ పదిసార్లు తెరిచే తలుపుకు నేనైతే ఫోమ్ వెయ్యను. నలిగి నలిగి చివరికి అలాగే చచ్చుబడిపోతుంది. ఈపీడీఎం అనే నల్ల రబ్బరు పట్టీ వేస్తాను. ఎండను తట్టుకుంటుంది, నొక్కి వదిలితే లేస్తుంది. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు అక్షరాల ఆకారంలో కనిపిస్తుంది, పేర్లూ అవే. ‘ఈ’ ఆకారం సన్నటి సందులకు, 2 నుంచి 3.5 మిల్లీమీటర్ల దాకా. ‘పీ’ ఆకారం 3 నుంచి 5 దాకా. ‘డీ’ ఆకారం లోపల బోలుగా ఉంటుంది కనుక 5 దాటినవాటికీ, హెచ్చుతగ్గులున్న వాటికీ బాగా సర్దుకుంటుంది. తయారీని బట్టి ఈ కొలతలు కొంచెం మారతాయి, చుట్ట మీద రాసింది చదివి తీసుకోండి. ఒకే తలుపుకు రెండు పక్కల రెండు రకాలు వేయడం తప్పేమీ కాదు. మీ బొమ్మలో అంకెలు ఎలా ఉంటే అలా.

తుడవడం

ఈ పనిలో విసుగు పుట్టించేది ఇదే, ఎగ్గొట్టేదీ ఇదే. టేపు ఊడొచ్చిందంటే చాలాసార్లు తప్పు టేపుది కాదు, దాని కింద ఉన్న దుమ్ముది. పాత టేపు జిగురు ఉంటే కిరసనాయిలు లాంటిది వేసి రుద్దితే వస్తుంది, కానీ అది నూనె పొర వదిలిపోతుంది. ఆ పొర మీద ఏదీ అంటదు. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో ఒకసారి తుడవండి. దగ్గర్లో మంట ఏదీ ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. పెయింటు గట్టిగా ఉందో లేదో చూడాలంటే మామూలు సెల్లోటేపు అంటించి చటుక్కున లాగండి. పెయింటు పెళ్లలు దానితో వస్తే, రేపు మీ రబ్బరు పట్టీతోనూ వస్తాయి. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ రంగు వేసి, అది బాగా గట్టిపడేదాకా ఆగాలి.

మరీ చలిగా ఉన్న పొద్దున ఈ పని పెట్టుకోకండి. 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే జిగురు సరిగా పట్టుకోదు.

అంటించడం

పైనుంచి మొదలుపెట్టండి. వెనక కాగితం మొత్తం ఒకేసారి ఒలిచేస్తే పట్టీ మీ చేతికీ, చొక్కాకీ, దానికదీ అంటుకుంటుంది. ఒక జానెడు ఒలవడం, అంటించి బొటనవేలితో గట్టిగా నొక్కడం, మళ్లీ జానెడు. ఈ జిగురు పట్టేది నొక్కుడుతోనే, మీదమీద తాకిస్తే పట్టదు.

పట్టీని లాగుతూ అంటించకండి. తెగేదాకా లాగకూడదన్నది మాటలకే కాదు, రబ్బరుకూ వర్తిస్తుంది. సాగదీసి అంటించిన పట్టీ మెల్లగా తన పొడవుకు తాను వెనక్కి వస్తుంది. వారం తర్వాత చూస్తే రెండు మూలల దగ్గరా అంగుళం ఖాళీ కనిపిస్తుంది. వదులుగా పరుచుకుంటూ పోండి. మూలకు వచ్చాక పట్టీని వంచి తిప్పవద్దు. పదునైన బ్లేడుతో తిన్నగా కోసి, కింది ముక్కను పై ముక్కకు తలకొట్టుకునేలా ఆనించండి. ఒక మిల్లీమీటరు ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువుంటే అదే కొత్త కన్నం.

ఎక్కడ అంటించాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. పైనా, గడియ వైపూ, రెక్క ఎదురుగా వచ్చి ఆనే మెట్టు ముఖం మీద. బందుల వైపు మాత్రం రెక్క ఎదురుగా రాదు, తిరుగుతూ ముడుచుకుంటుంది. అక్కడ మెట్టు ముఖం మీద వేస్తే రెక్క దాన్ని పక్కకు తోసి ఒరుసుకుంటుంది. రెక్క అంచుకు ఎదురుగా ఉండే ముఖం మీద, బందు రేకుకూ మెట్టుకూ మధ్య మిగిలిన సన్నటి పట్టీ చోట వేయాలి, అదీ అన్నిటికంటే పల్చటి రకం. అనుమానముంటే వేలెడు ముక్క అంటించి తలుపును నెమ్మదిగా మూస్తూ గమనించండి. ముక్క తిన్నగా నలిగితే చోటు సరైనదే. ముడత పడి జరిగితే చోటు మార్చండి.

అయ్యాక వెంటనే ధడాలున తలుపులు వెయ్యకండి. జిగురు బలం ఒక రోజులో చాలావరకు వస్తుంది, పూర్తిగా రావడానికి 72 గంటలు పడుతుంది. ఆ తర్వాత రాత కాగితం ముక్క ఒకటి రెక్కకూ పట్టీకీ మధ్య పెట్టి మూసి లాగండి. కొంచెం బిగువుగా జారుతూ రావాలి. చినిగితే మరీ బిగువు. ఊరికే వచ్చేస్తే అక్కడ పట్టీ చాల్లేదు. గడియ కొంచెం కష్టంగా పడుతుంటే రెండు మూడు రోజులు చూడండి, పట్టీ కాస్త సర్దుకుంటుంది. అప్పటికీ పడకపోతే పల్చటి రకానికి మారడమే, బందుల్ని బలిచేయడం కాదు.

మూయకూడనివి

యూపీవీసీ, అల్యూమినియం కిటికీల కింది పట్టాలో బయటివైపుకు చిన్న చిన్న చీలికలుంటాయి. అవి వాననీళ్లు పోవడానికి. వాటి దగ్గర పొగ ఎంత వంకర తిరిగినా వాటిని మూస్తే నీళ్లు లోపలికి వస్తాయి.

గ్యాస్ గీజరు, గ్యాస్ పొయ్యి, బొగ్గుల కుంపటి, మండేది ఏదున్నా సరే, ఆ గదిలో గాలి వచ్చే దారులు మూయవద్దు. గాలి చాలకపోతే మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది. వెంటిలేటర్ల సంగతీ అంతే. మనం మూస్తున్నది పొరపాటున మిగిలిన సందుల్ని, కావాలని పెట్టిన వాటిని కాదు. అన్నీ మూశాక పొద్దున్నే అద్దాల లోపలివైపు నీటిచుక్కలు పడుతుంటే ఇంట్లో తేమ పోవడానికి దారి తగ్గిందని గుర్తు. రోజూ కాసేపు కిటికీలు బార్లా తెరవండి.

ఈ వారం అభ్యాసం

ఇల్లంతా ఒకేసారి మొదలుపెట్టకండి. మీ సుద్దగీతల్లో ఎక్కువ పొగ తిరిగిన కిటికీ ఒక్కటే తీసుకోండి. బంకమట్టితో కనీసం తొమ్మిది చోట్ల కొలిచి, బొమ్మ మీద అంకెలు రాసి, దానికి సరిపడా మాత్రమే పట్టీ కొనండి. చుట్టు పొడవుకు అర మీటరు కలిపితే చాలు, కోతల్లో అంత పోతుంది. మూడు రోజులయ్యాక కాగితం పరీక్ష, ఆ పైన అగరుబత్తి పరీక్ష చెయ్యండి.

వచ్చే పాఠం తలుపు కిందిసందు గురించీ, పట్టాల మీద జరిగే కిటికీల గురించీ. దానికి ముందు ఒక కొలత తీసి పెట్టుకోండి: తలుపు మూసినప్పుడు రెక్క కింది అంచుకూ నేలకూ మధ్య ఎంత ఉందో, తెరుస్తూ పోయినప్పుడు ఆ దూరం ఎక్కడైనా తగ్గుతోందేమో. అక్కడ కాళ్లు తుడుచుకునే పట్టా ఉంటే దాని మందం కూడా.