రోమన్ బంగారు నాణేలు చదవడం – 4వ పాఠం: సెవెరస్ కుటుంబం

ఈసారి ముఖాలు తర్వాత, అక్షరాలు ముందు. రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ ఆరియస్ (బంగారు నాణెం) తీసుకుందాం: రోమ్ టంకశాలలో కొట్టినది, సుమారు 7.2 గ్రాములు, 20 మిల్లీమీటర్లు. సొంత నాణెం అక్కర్లేదు, మ్యూజియం వాళ్ల పెద్ద ఫొటో చాలు. అసలు నాణెమే చేతికొస్తే అంచులు పట్టుకుని, దీపం పక్కనుంచి ఏటవాలుగా పెట్టండి. పైనుంచి వెలుగు పడితే అరిగిన అక్షరాలు మెరుపులో కలిసిపోతాయి.

బొమ్మ వైపు ఎడమ కింది మూల నుంచి గడియారం ముల్లు దారిలో చదవాలి: సెవర్, పీ, ఏవీజీ, పీ ఎం, టీఆర్ పీ ఎక్స్, సీఓఎస్, మూడు నిలువు గీతలు. ఏవీజీ అంటే ఆగస్టస్, చక్రవర్తి బిరుదు. సీఓఎస్ అంటే కాన్సుల్ అనే ఉన్నత పదవి, గీతలు ఎన్నోసారో చెబుతాయి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. పీ మూడుసార్లు వచ్చింది, మూడింటికీ మూడు అర్థాలు. మొదటిది పియస్, అంటే భక్తిపరుడు అనే బిరుదు. రెండోది ‘ఎం’ అక్షరంతో కలిసి పాంటిఫెక్స్ మాక్సిమస్, అంటే ప్రధాన పురోహితుడు. మూడోది టీఆర్‌తో కలిసి ట్రిబ్యూన్ (ప్రజల ప్రతినిధి) అధికారం.

ఆ అధికారం అంకె ఏటా డిసెంబరులో మారేది. ఎక్స్ అంటే పదో ఏడు: 201 డిసెంబరు నుంచి 202 డిసెంబరు దాకా. మూడోసారి కాన్సుల్ అయింది 202 జనవరిలో. రెండూ కలిపితే నాణెం 202 నాటిది. కాన్సుల్ అంకె ఒక్కటే నమ్ముకుంటే బోల్తా పడతారు. నాలుగోసారి ఆయన కాన్సుల్ కాలేదు, 211లో పోయేదాకా అవే మూడు గీతలు.

ఇక బొరుసు. మధ్యలో మనకేసి చూస్తున్నది సెవెరస్ భార్య జూలియా డోమ్నా. ఆ కాలపు నాణేల మీద ఎదురుముఖం అరుదు, పైగా ముక్కు ముందే అరుగుతుంది. ఎడమన పెద్ద కొడుకు కారకల్లా, కుడిన చిన్న కొడుకు గేటా. అన్నదమ్ములకు ఏడాది తేడానే, ముఖాలతో తేల్చలేం. తలలు చూడండి. కారకల్లాకు లారెల్ దండ ఉంది, 198లోనే తండ్రితో పాటు ఆగస్టస్ అయ్యాడు మరి. గేటా తల ఖాళీ, ఇంకా సీజర్ (ఆగస్టస్ కంటే కింది హోదా) మాత్రమే. చుట్టూ ఉన్న రాత ‘ఫెలిసితాస్ సెకూలి’, యుగ సౌభాగ్యం (యూ ఉండాల్సిన చోట వీ కనిపిస్తుంది, కంగారుపడకండి). ఆ సౌభాగ్యం తొమ్మిదేళ్లే: 211లో అన్న తమ్ముణ్ణి చంపించి, శాసనాల్లో అతని పేరు కూడా చెరిపించేశాడు.

అభ్యాసం: రోమ్ తొలి చక్రవర్తి ఆగస్టస్ (ఇక్కడ బిరుదు కాదు, మనిషి పేరు) నాణేల్లో డాళ్లు, ఈటెలతో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ల రకం వెతకండి. బంగారంలోనూ వెండిలోనూ కొట్టారు. మన దేశంలో దొరికిన రోమన్ నిధుల్లో వెండివి తరచూ కనిపిస్తాయి. బొరుసు రాతలో ఆగస్టస్ పేరు పక్కన ఎఫ్ ఉంటుంది, కొడుకులని అర్థం. నిజానికి వాళ్లు ఆయన కూతురి పిల్లలు. మరి కొడుకులని ఎందుకు రాయించాడో వచ్చే పాఠంలోగా ఆలోచించి ఉంచండి.